రెడ్ బాల్ దారిలో ఇంజను నూనె

1944 ఆగస్టు 25వ తేదీన అమెరికా సైన్యము ఫ్రాన్సులో 'రెడ్ బాల్' అను లారీమార్గమును తెఱచెను. బాంబులచే రైలుదారులు ధ్వంసమై యుండుటచే, నార్మండీ తీరమునుండి ముందుకు సాగిపోవుచున్న సేనలకు పెట్రోలు చేర్చుటకు లారీయే గతియయ్యెను. ఆగస్టు 29 నాటికి 5,958 బండ్లు రేయింబవళ్లు తిరుగజొచ్చెను. చోదకులలో అధికసంఖ్యాకులు నల్లజాతి సైనికులు.

నూనె రాపిడిని తగ్గించుటకే యని మనలో పలువురము తలంతుము. రేడియేటరు నీరు సిలిండరు గోడల వెలుపలనే తిరుగును. పిస్టను అడుగునకు, బేరింగులకు చేరజాలదు. అచ్చటి వేడిని మోసికొనివచ్చి అడుగుతొట్టిలో విడుచునది నూనెయే. తొట్టిలో నూనె తగ్గినకొలది, మిగిలినది చల్లాఱుటకు వ్యవధిలేక మఱింత కాగును. కాగినది పలుచనై బేరింగుల నడుమ నిలువదు. అంతేకాదు, వేడి 10 డిగ్రీలు హెచ్చినపుడెల్ల నూనె చెడు వేగము సుమారు రెట్టింపగును.

నూనె నాసిరకమని మాత్రము తలపరాదు. 1930 తరువాతి దశకములో కాటర్‌పిల్లరు డీజిలు ఇంజనులయందు పిస్టను రింగులు జిగురుకు అంటుకొనిపోవుచుండగా, ఆ జిగురును కడుగు ద్రవ్యములు కలిపిన నూనెలు వెలసెను. సైన్యమునకును అట్టి నూనెయే యుండెను. కొఱవడినది విరామము. వేగము నదుపుచేయు గవర్నరులను చోదకులే తొలగించిరి, బరువు మితిమీఱెను, ఆగి నూనె చూచు తీరిక లేక ఇంజనులు మాడిపోయెను.

వారిని నిందించుట న్యాయము కాదని మా తలంపు. ముందు టాంకులు పెట్రోలులేక నిలిచిపోవుచుండగా, గంటసేపు బండి నాపుమని ఎవరు చెప్పగలరు? నవంబరు 16న ఆ మార్గము మూతపడునప్పటికి నాలుగు లక్షల టన్నులకు పైబడిన సరకు చేరియుండెను.