బుద్ధవచనం – అనువాదం: ఒక చారిత్రక పరిశీలన

పుదుచ్చేరి సోలై నగర్‌లో నివసించే తెలుగువారమైన మాకు అనువాదమనేది పండితుల పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తాతల నాటి దస్తావేజుల్లో ఫ్రెంచి. ఈ ప్రాంతం పేరులోని 'సోలై' అన్న తమిళ పదానికి తోపు, ఉద్యానం అని అర్థం. పాళిలో 'ఆరామ' అన్నా అదే. సంఘారామంలో ఉన్నది ఆ తోటే. పేరును బట్టి ఇక్కడొక విహారం ఉండేదని మేము అనడం లేదు. అటువంటి ఊహాగానాలు సంచికలకు శోభ తెస్తాయేమో గాని చరిత్రకు తేవు. ఒక పదం మరొక భాషలోకి మారినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్నకు మాత్రం ఈ పేరు మంచి ఉదాహరణ.

'అనువాదం' అన్న మాటకే ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. సంస్కృతంలో దీనికి మొదటి అర్థం వెనుక నుంచి చెప్పడం, అంటే ఒకరు చెప్పినదాన్ని తిరిగి చెప్పడం. మీమాంసకులకు, అప్పటికే తెలిసిన విషయాన్ని మళ్లీ పలికే వాక్యం అనువాదం. పాళి వినయపిటకంలో మాత్రం 'అనువాద' అంటే నిందారోపణ. సంఘం తీర్చవలసిన నాలుగు రకాల వివాదాల్లో అదొకటి. భాషాంతరీకరణకు పాళి వాడిన క్రియ 'పరివత్తేతి', అంటే తిప్పడం. చైనా భాషలో ఈ పనికి వాడే అక్షరానికీ తిప్పడమనే అర్థం ఉంది. ఇంగ్లీషు 'ట్రాన్స్‌లేషన్'కు మూలమైన లాటిన్ పదానికి ఒక చోటి నుంచి మరొక చోటికి మోసుకుపోవడమని అర్థం. ఐరోపా క్రైస్తవులు సాధువుల అస్థికలను ఒక చోటి నుంచి మరొక చోటికి తరలించడాన్నీ అదే మాటతో పిలిచారు. భట్టిప్రోలు ధాతుకరండాలను తలచుకొనే మనకు ఆ అర్థం పరాయిది కాదు. ధాతువును మోసుకువెళ్లవచ్చు, అది మారదు. వచనాన్ని మోసుకువెళ్లాలంటే తిప్పక తప్పదు.

తిప్పవచ్చునా అన్న వివాదం బుద్ధుని కాలంలోనే పుట్టినట్లు వినయపిటకం చెబుతుంది. బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చిన ఇద్దరు భిక్షువులు, నానా కులగోత్రాల నుంచి వచ్చిన వారు బుద్ధవచనాన్ని తమ తమ పలుకులతో పాడుచేస్తున్నారనీ, దానిని ఛందస్సులోకి మార్చడానికి అనుమతి ఇవ్వవలసిందనీ అడిగారు. బుద్ధుడు వారిని మందలించి, ఛందస్సులోకి మార్చడం దోషమని విధించాడు. 'సకాయ నిరుత్తియా' నేర్చుకోవాలన్నాడు. స్వకీయ నిరుక్తి, అనగా సొంత భాష. ఎవరి సొంతం? భిక్షువు సొంత భాష అని ఆధునిక పండితుల్లో అనేకులు అర్థం చెప్పారు. బుద్ధుని సొంత భాష, అంటే మాగధి అని అట్ఠకథాకారుడు బుద్ధఘోషుడు చెప్పాడు. ఒక్క సర్వనామం ఎవరిని సూచిస్తుందన్న దానిపై వేల మైళ్ల ధమ్మప్రయాణం ఆధారపడి ఉంది. మాకు మొదటి అర్థమే సబబని తోస్తుంది. కులాన్ని బట్టి పలుకును తూచే ఫిర్యాదుకు జవాబుగా వచ్చిన మాట మరొక పవిత్ర భాషను స్థాపించి ఉంటుందని నమ్మడం కష్టం.

బుద్ధఘోషుడే మహా అనువాదకుడు కావడం ఇందులోని వింత. 5వ శతాబ్ది తొలి భాగంలో, మహానామ రాజు కాలంలో ఆయన అనురాధపురం మహావిహారానికి వెళ్లి సింహళ అట్ఠకథలను పాళిలోకి తిప్పాడు. చూళవంశం ఆయనను బోధగయ ప్రాంతీయుడంటుంది; ఆయన గ్రంథాంతవాక్యాలలోని ఊరిపేరును బట్టి కొందరు పరిశోధకులు గుంటూరు ప్రాంతీయుడంటారు. ఆయన కాంచీపురంలో ఉన్నట్లు ఆయన రచనలోనే ఉంది. వినయ వ్యాఖ్యలో 'అంధకట్ఠకథ' అనే వ్యాఖ్యానాన్ని పలుమార్లు పేర్కొని, తరచుగా తిరస్కరించాడు. ఆంధ్రదేశపు సంప్రదాయం మనకు మిగిలింది ఆ తిరస్కారాలలోనే. కథావత్థు వ్యాఖ్య కూడా అంధకుల మతాలను ఖండించడానికే ఉదాహరిస్తుంది. వాటిలో ఒకటి, బుద్ధుని వ్యవహార వచనం కూడా లోకోత్తరమేనన్నది. ఆ మాట నిజమైతే లోకభాషల్లోకి దానిని తిప్పడం ఎట్లా? మన పూర్వులు ఆ చిక్కును ఎలా విప్పుకున్నారో చెప్పే గ్రంథం మిగలలేదు.

మజ్ఝిమనికాయంలోని అరణవిభంగ సుత్తం ఈ విషయంలో ఎంతో లౌకికంగా మాట్లాడుతుంది. ఒకే పాత్రను ఒక్కొక్క జనపదంలో ఒక్కొక్క పేరుతో పిలుస్తారు. ఏదో ఒక పేరు పట్టుకొని ఇదే సత్యం, మిగిలినవి వృథా అని పంతగించరాదన్నది దాని సారాంశం. మన గిన్నె తమిళుల కిణ్ణం. వంటింటిలో ఈ సూత్రాన్ని పాటించడం తేలిక.

శాసనాలు చూస్తే ఆచరణ తెలుస్తుంది. కర్నూలు సీమలోని ఎర్రగుడి రాళ్లపై అశోకుడు ప్రాకృతంలోనే మాట్లాడాడు. ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌లో 1958లో బయటపడిన శాసనం మాత్రం గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఉంది. అక్కడ 'ధమ్మ' అన్న మాటకు గ్రీకులో 'యుసెబెయా', అంటే భక్తిగౌరవం, అని వాడారు. సగం మాత్రమే కుదిరిన మాట అది. అయినా రాజు వెనుదీయలేదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం, కాశ్మీర, గాంధార, చీన, యవన, దమిళ, తామ్రపర్ణి మొదలైన దేశాలకు ప్రసాదం కలిగించిన థేరులను స్మరిస్తుంది. ఇన్ని దేశాల వారిని మెప్పించిన ఆచార్యులు ఒకే భాష మాట్లాడి ఉంటారా?

ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్లు చెప్పే సుహృల్లేఖ సంస్కృత మూలం నశించింది. టిబెటన్, చైనా అనువాదాల్లోనే అది బ్రతికింది. మాధ్యమిక కారికలను కుమారజీవుడు 409లో చాంగాన్ నగరంలో చైనా భాషలోకి తెచ్చాడు. ఆయనకు పూర్వపు అనువాదకులు బౌద్ధ భావాలకు దావో మతపు పదాలను అరువు తెచ్చుకొనేవారు. శూన్యతకు 'లేమి' అన్న అర్థం వచ్చే మాటలు పెట్టారు. చదివేవారికి అది సులభంగా ఉండేది, కాని అర్థమైనది బౌద్ధం కాదు. కుమారజీవుని బృందం ఆ అలవాటును వదిలించింది. 7వ శతాబ్దిలో ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి మహాసాంఘిక అభిధర్మం చదువుకున్న హ్యూయన్‌త్సాంగ్, ఐదు రకాల పదాలను అనువదించకుండా ధ్వనిగానే ఉంచాలన్నాడని 12వ శతాబ్దపు చైనా పదకోశం ఒకటి చెబుతుంది: ధారణుల వంటి రహస్య పదాలు, 'భగవత్' వంటి నానార్థ పదాలు, జంబూవృక్షం వలె ఆ దేశంలో లేని వస్తువుల పేర్లు, పూర్వులు అలాగే వాడినవి, 'ప్రజ్ఞ' వలె తేలిక మాటలో పెడితే గౌరవం తగ్గేవి.

ఇక తెలుగు సంగతి. మన కావ్యసాహిత్యం 11వ శతాబ్దిలో అనువాదంతోనే ఆరంభమైంది. కాని నన్నయ భారతాన్ని తెనిగించే నాటికి ఈ నేలపై బౌద్ధం క్షీణించింది. అమరావతి, నాగార్జునకొండ శాసనాల భాష ప్రాకృతం. త్రిపిటకం తెలుగు పలికే అవకాశమే రాలేదు. ఆ తరువాత బౌద్ధ పదాలు మనకు పరాయి అర్థాలతో స్థిరపడ్డాయి. పంచస్కంధాలనే తీసుకుందాం. పాళి 'వేదనా' అంటే అనుభూతి: సుఖం, దుఃఖం, రెండూ కానిది. తెలుగులో వేదన అంటే బాధ మాత్రమే. 'సఞ్ఞా' అంటే గుర్తించడం. మన సంజ్ఞ చేతితో చేసే సైగ. 'సంఖార' అంటే చిత్తాన్ని మలచే చేతనాది శక్తులు. మన సంస్కారం మర్యాద, కాకుంటే అంత్యక్రియ. 'విఞ్ఞాణ' అంటే ఎరుక. మన విజ్ఞానం సైన్సు. రూపం ఒక్కటే కొంత క్షేమంగా వచ్చింది, అదీ అందచందాల అర్థం వెంటబెట్టుకొని. కొత్తగా దీక్ష తీసుకున్న ఉపాసకుడు ఈ ఐదు మాటలనూ తెలిసినవే అనుకొని చదువుతాడు. బౌద్ధమంటే బాధల మతమనే అపోహకు ఇదొక కారణమని మా తరగతి గదుల అనుభవం. చైనావారికి ఆ మాటలు తెలియవు కనుక ఆలోచించి కొత్తవి ఎంచుకున్నారు. మనం చివరి అక్షరం మార్చి ఊరుకున్నాం.

ఈ తేడాకు చక్కని పేర్లు జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. డీఎన్ఏ లోని సందేశం ఆర్ఎన్ఏ గా మారడం అనులేఖనం. అక్షరమాల దాదాపు అదే. థైమిన్ స్థానంలో యురాసిల్ వస్తుంది. ఆ ఆర్ఎన్ఏ ను చదివి ప్రోటీన్ కూర్చడం అనువాదం. అక్కడ భాషే మారుతుంది. మూడేసి అక్షరాల పదాలు 64, వాటిలో 61 పదాలు 20 అమైనో ఆమ్లాలను సూచిస్తే, మిగిలిన మూడు ఆపమంటాయి. ఒకే ఆమ్లానికి అనేక పదాలున్నందున ప్రోటీన్ చూసి మూల సందేశాన్ని యథాతథంగా రాబట్టలేము; సుహృల్లేఖ సంస్కృత మూలం విషయంలోనూ పరిస్థితి ఇంతే. ఈ అనువాదం జరిగే చోటు రైబోజోమ్. దాని నిర్మాణాన్ని వెలికి తీసినందుకు 2009లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరైన వెంకటరామన్ రామకృష్ణన్ పుట్టినది మాకు దక్షిణాన ఉన్న చిదంబరంలో. ఆమ్లాన్ని మోసుకువచ్చే టీ-ఆర్ఎన్ఏ ఒక కొసన సందేశంలోని పదంతో కలుస్తుంది, రెండవ కొసన ఆమ్లాన్ని పట్టుకొని ఉంటుంది. రైబోజోమ్ పదం కుదిరిందా అనే చూస్తుంది. సరుకు సరైనదా అన్నది ముందే వేరే ఎంజైములు తేల్చాలి. 1962లో శాస్త్రజ్ఞులు ఒక టీ-ఆర్ఎన్ఏ పై ఉన్న సిస్టీన్‌ను అలనీన్‌గా మార్చి చూస్తే, ఆ తప్పు ఆమ్లమే గొలుసులో చేరింది. ధ్వని సరిపోయి అర్థం మారిన 'వేదన' మన చదువులో చేరినది ఈ విధంగానే. కణానికి ధర్మం తెలియదు కనుక ఈ పోలికను ఇంతకు మించి సాగదీయరాదు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ చిక్కును గుర్తించారని ఆయన చివరి గ్రంథం శీర్షికే చెబుతుంది. 1957లో వెలువడిన ఆ ఇంగ్లీషు పుస్తకంలో ఆయన 'రెలిజియన్' అనలేదు, 'ధమ్మ' అన్న మాటను అలాగే ఉంచి, ఆ రెంటికీ గల భేదాన్ని పుస్తకంలోనే వివరించారు. మనవారు కొందరు దానిని 'ధర్మం' అని సరిదిద్దుతారు. వర్ణధర్మం, కులధర్మం అన్న వాడుకలున్న భాషలో ఆ దిద్దుబాటు అమాయకమైనది కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో త్రిశరణాలు పాళిలో పలికిన ఆయనే 22 ప్రతిజ్ఞలను ప్రజల మరాఠీలో చేయించారు. ఏది ధ్వనిగా నిలపాలో, ఏది తిప్పాలో ఆయన నిర్ణయించుకున్నారు.

మా ప్రతిపాదన ఇదే దారిలో ఉంది. త్రిశరణ పంచశీలాలు పాళిలోనే ఉండనివ్వాలి. వెంటనే వాటి తెలుగు తాత్పర్యం, తమిళ మిత్రులున్న చోట తమిళ తాత్పర్యం పలకాలి. ధమ్మ, నిబ్బాన పదాలను మార్చరాదు. స్కంధాలను మాత్రం తత్సమాలకు వదలక తెలుగు చేయాలి: వేదనకు అనుభూతి, సఞ్ఞాకు గుర్తింపు, విఞ్ఞాణకు ఎరుక. సంఖారకు మాకు ఇంకా తృప్తికరమైన మాట దొరకలేదు. 'మలపు' అని కొన్నాళ్లు వాడి చూస్తున్నాము; అంతకన్న మంచిది పల్లెల్లోని ఉపాసికల నోట ఉండవచ్చు, దానిని మాకు తెలియజేయవలసిందిగా పాఠకులను కోరుతున్నాము.