సంచి అడుగున తెల్లటి మడ్డి

రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా ఉన్న పిల్లవాడికి తెగిన వేలికన్నా లోపల కారే రక్తంతోనే ఎక్కువ ముప్పు. పడుకునేముందు మోకాలు కాస్త వెచ్చగా, బిగుతుగా ఉందంటాడు. తెల్లారేసరికి కాలు చాపలేడు. కీలులోకి ఇలా పదేపదే రక్తం దిగితే లోపలి మృదులాస్థి అరిగిపోయి కాలు వంకరగా ఉండిపోతుంది. 1960ల మొదటి దాకా డాక్టర్ల చేతిలో ఉన్నది రక్తం, ప్లాస్మా ఎక్కించడమే. హిమోఫీలియా-ఎలో లోపించేది రక్తాన్ని గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టర్. ప్లాస్మాలో అది పలచగా ఉంటుంది. సరిపడా ఇద్దామంటే అంత ద్రవాన్ని గుండె తట్టుకోలేదు.

దారి చూపింది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన జూడిత్ గ్రాహం పూల్. ఘనీభవించిన ప్లాస్మాను ఫ్రిజ్ చల్లదనంలోనే నెమ్మదిగా కరగనిస్తే సంచి అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. ఎనిమిదో ఫ్యాక్టర్‌లో పెద్ద వాటా అందులోనే ఉందని ఆమె బృందం 1964లో ప్రకటించింది. పై తేట తీసేస్తే మిగిలేది కొద్ది మిల్లీలీటర్లే. మరుసటి ఏడాది, ఒకదానికొకటి అతికిన సంచుల్లో, వాటిని తెరవకుండానే దీన్ని తయారుచేసే పద్ధతిని వివరించారు. నా దృష్టిలో అసలు గొప్పతనం ఇక్కడే ఉంది: పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు, మామూలు బ్లడ్ బ్యాంకు చాలు. మన ఆసుపత్రుల్లో 'క్రయో' అనేది ఇదే. తొమ్మిదో ఫ్యాక్టర్ లోపించే హిమోఫీలియా-బి వాళ్లకు మాత్రం ఇది పనిచేయదు.

మందు దొరికితే చాలదు, అది రోగికి చేరాలి. ఆ పని తలకెత్తుకున్నది రోగులే. తీవ్ర హిమోఫీలియాతో బతికిన మాంట్రియల్ వ్యాపారి ఫ్రాంక్ ష్నాబెల్ 1963లో ప్రపంచ హిమోఫీలియా సమాఖ్యను స్థాపించారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 17నే ఇప్పుడు ప్రపంచ హిమోఫీలియా దినం. మనదేశంలో 1983లో హిమోఫీలియా ఫెడరేషన్‌కు పునాది వేసిన అశోక్ బహదూర్ వర్మ కూడా ఈ జబ్బుతో బతికినవారే. హైదరాబాద్‌లోనూ దానికి శాఖ ఉంది.

తర్వాత ఫ్యాక్టర్ పొడి మందులొచ్చాయి. ఇంట్లోనే కలిపి నరానికి ఎక్కించుకోవచ్చు. వేలమంది దాతల ప్లాస్మాను కలిపి చేసిన ఆ పొడులు హెచ్‌ఐవీని, హెపటైటిస్‌ను మోసుకొచ్చాయి. అమెరికాలో దాదాపు సగం మంది హిమోఫీలియా రోగులకు హెచ్‌ఐవీ సోకింది. ష్నాబెల్ కూడా 1987లో ఎయిడ్స్‌తోనే పోయారు. బతుకు నిలబెడుతుందని నమ్మి ఇంటికి తెచ్చుకున్న మందే ప్రాణం తీసింది. ఆ కుటుంబాలకు జరిగిన అన్యాయాన్ని మరచిపోకూడదు. వైరస్‌ను వేడితో చంపే పద్ధతులు, 1992 నుంచి దాత రక్తం మీద ఆధారపడకుండా జన్యు సాంకేతికతతో చేసిన ఫ్యాక్టర్ వచ్చాకే కాస్త ధైర్యం చిక్కింది.

మనదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హిమోఫీలియాను వైకల్యంగా గుర్తించింది. ఇప్పుడు హిమోఫీలియా-ఎ ఉన్నవాళ్లకు ఎమిసిజుమాబ్ ఉంది. రక్తస్రావం మొదలయ్యాక కాదు, ముందే, వారానికో రెండు వారాలకో నాలుగు వారాలకో చర్మం కింద ఇచ్చే సూది అది. నరం వెతకనక్కర్లేదు. ఏడుస్తున్న రెండేళ్ల పిల్లవాడి చేయి గట్టిగా పట్టుకుని నర్సు రెండోసారి, మూడోసారి గుచ్చుతుంటే చూసిన తల్లికి ఆ ఒక్క మార్పు విలువ ఎవరూ వివరించనక్కర్లేదు. ధర మాత్రం ఇంకా చాలా ఇళ్లకు అందనంత ఎత్తులోనే ఉంది.