ఎద్దులు లేని బండియు, ఊరి మధ్యాహ్నమును

మున్ముందు ఎద్దులు లేని బండ్లు నడచునని వీరబ్రహ్మముగారు కాలజ్ఞానమున జెప్పిరని మన పల్లెలలో నేటికిని జెప్పుకొందురు. పొగబండి వచ్చినప్పుడు ఆ మాటయే నిజమయ్యెనని జనులు తలచుట సహజము. కాని ఆ బండి వెంట మన యూరి మధ్యాహ్నమే మాఱిపోవునను మాట ఆ కథలలో వినబడదు.

పూర్వపు కాలగణన మెట్టిదో చూడుడు. పగలును రాత్రియు గలిపి 60 గడియలు. గడియకు 24 నిమిషములు. రెండున్నర గడియలొక గంట. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై దేలవిడిచినచో, నీరు లోనికెక్కి గడియకొకమాఱు మునుగును. సూర్యసిద్ధాంతము దీనిని గపాలయంత్రమని వర్ణించినది. ఈ లెక్కకు మొదలు ఏ యూరి సూర్యోదయము ఆ యూరిదే. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట ముట్టడింపబడిననాడు బొబ్బిలి మధ్యాహ్నము బొబ్బిలిదే.

రైలుబండికి ఈ పద్ధతి పనికిరాలేదు. ఒక్క యినుపదారిపై నెదురుబండ్లు నడుపవలెనన్న స్టేషనులన్నిటికిని వేళ యొక్కటియే కావలెను. రైల్వేలు కొంతకాలము చెన్నపట్టణపు కాలమును బట్టి నడచెను. పిమ్మట 1906 జనవరి 1వ తేదీ నుండి, గ్రీనిచ్చికి అయిదున్నర గంటలు ముందుండు కాలము దేశమునకు నిర్ణయమయ్యెను. కలకత్తావారు 1948 వరకును, బొంబాయివారు 1955 ప్రాంతము వరకును తమ వేళను విడువలేదు. బొబ్బిలికి 1908-09 ప్రాంతమున రైలు వచ్చునప్పటికే కొత్తకాలము సిద్ధముగా నుండెను.

ఆ కాలమునకు ఆధారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. బొబ్బిలి దానికి దాదాపు ఒక డిగ్రీ తూర్పున నున్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున, సగటున గడియారమున 12 కొట్టుటకు మూడున్నర నిమిషములు ముందే మన సూర్యుడు మధ్యరేఖను దాటును. ఇది స్వల్పమే. అయినను వేఱొక పట్టణమునకు గణించిన పంచాంగమును మనయూర జూచి ముహూర్తము పెట్టువారు ఈ భేదమును సవరింపకున్న, లగ్నసంధిలో నీ మూడు నిమిషములే లగ్నమును మార్చును.

నేడు ఆలోచించు యంత్రములను గూర్చియు, అంగారకునిపై గాపురములను గూర్చియు ఊహలు సాగుచున్నవి. సంతోషమే. అయితే ఆ ఊహలను వినునప్పుడు ఒక ప్రశ్న వేయుడు: ఆ యంత్రము సాగుటకై మన దినచర్యలో దేనిని మార్చుకొనవలసి యుండును? ఆ మార్పును నిర్ణయించువా రెవరు? కలకత్తా, బొంబాయి నగరములవారు ఈ ప్రశ్న వేసి, కొంతకాలము తమ వేళను నిలుపుకొనిరి. చిన్న యూళ్లవారు అడుగకయే యిచ్చివేసిరి. ముందు రానున్న మార్పులనైన మనము తెలిసి యంగీకరింతుము గాక!