రెండు జెండాల నడుమ పాలమూరు కూలీ

కాకతీయుల సామంతుడైన గోన గణపారెడ్డి 13వ శతాబ్దంలో కట్టించినట్లు చెప్పే ఖిల్లా ఘణపూర్ కొండకోట, దాని దిగువనున్న గణపసముద్రం చెరువు పాలమూరు ప్రాంతపు పాత వైభవానికి ఆనవాళ్లు కాగా, వానలు ముఖం చాటేసిన ప్రతి ఏటా బతుకుదెరువు కోసం ఊరు విడవడం ఇక్కడి జనానికి తరతరాలుగా తప్పనిదైంది. మేస్త్రీ చేతి నుంచి అడ్వాన్సు పుచ్చుకుని గుంపుగా కదిలే ఇక్కడి కూలీలకు ‘పాలమూరు లేబర్’ అన్న పేరు అలా స్థిరపడింది.

పాలమూరు కూడా భాగమైన నిజాం రాజ్యం నుంచి కట్టడాల పనులకు బొంబాయి చేరిన తెలుగు కూలీలను అక్కడ ‘కామాఠీలు’ అన్నారు. 18వ శతాబ్ది చివర నుంచి వారు నివాసమేర్పరచుకున్న పేటే కామాఠీపురా. హైదరాబాదు సొంత నాణెం, సొంత జెండా గల సంస్థానం కనుక, బ్రిటిష్ ఏలుబడిలోని ఆ నగరం వారికి ఒక రకంగా పరాయి దేశమే.

ఈ తేడా 1947 ఆగస్టు 15న స్పష్టమైంది. బొంబాయి వీధుల్లో మువ్వన్నెల జెండా బహిరంగంగా ఎగురుతుండగా, నిజాం ఇలాకాలో మాత్రం పసుపు వస్త్రం నడుమ కుల్చా రొట్టెను తలపించే గుండ్రని గుర్తు గల ఆసఫియా జెండాయే అధికారికంగా నిలిచింది. ఆ రోజునే స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ అరెస్టయ్యారు. 1948 సెప్టెంబరు 17న సంస్థానం లొంగిపోయాక పాలమూరు పల్లెలకు స్వేచ్ఛగా జరుపుకొనే తొలి ఆగస్టు 15 పండుగ 1949లో గానీ రాలేదు. అంటే వలస కూలీకి పరాయిచోట ఎదురైన జెండా పండుగ, అతని సొంతూరికి రెండేళ్లు ఆలస్యంగా చేరింది.