హాజరు పట్టీకెక్కని మనిషి

శంకర్‌పల్లిలో సికిందరాబాదు వచ్చే రైలెక్కితే లింగంపల్లి, సనత్‌నగర్ దాటాక బేగంపేట వస్తుంది. నిజాం కాలంలో, 1874లో పడిన దారి అది. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఒక పాతకాలపు కట్టడం ఉంది. ఒకప్పటి సైనిక ఆసుపత్రి. అక్కడ పనిచేసిన డాక్టరు రోనాల్డ్ రాస్ పేరు మన పిల్లలు బడిలో చదువుకుంటారు. సోదరీమణులారా, ఆ ఆసుపత్రిలో ఫిర్యాదు చెప్పుకోగలిగిన ఒకరి సంగతీ, చెప్పుకోలేకపోయిన ఇంకొకరి సంగతీ ఈవేళ మాట్లాడుకుందాం.

రాస్ 1895లో మద్రాసు పటాలం వైద్యుడిగా సికిందరాబాదు వచ్చాడు. మలేరియాకీ దోమకీ ఉన్న సంబంధం తేల్చాలని ఆయన పట్టుదల. సర్కారుకి కావలసింది మాత్రం సిపాయిల వైద్యం. కొన్నాళ్ళకే కలరా పని మీద బెంగుళూరు పంపారు. మలేరియా పనికే ప్రత్యేకంగా వేయమని అడిగితే ఒప్పుకోలేదు. 1897లో సెలవు పెట్టి, సొంత ఖర్చుతో నీలగిరి కొండల వైపు వెళ్ళి వెతికాడు. తీరా ఆ మలేరియా ఆయనకే తగులుకుంది!

తిరిగి వచ్చాక, ఆగస్టు నెల మధ్యలో ఒక ఉదయం, ఆసుపత్రిలోని హాస్పిటల్ అసిస్టెంటు గోడ మీద ఒక చిన్న దోమని చూపించాడు. తోక పైకెత్తి, మామూలు దోమకన్నా వేరుగా కూర్చుంది. ఆ రోజుల్లోనే పనివాడొకడు సీసాలో పట్టి తెచ్చిన పురుగుల నుంచి రెక్కల మీద మచ్చలున్న దోమలు పుట్టాయి. హుసేన్‌ఖాన్ అనే రోగి వాటిచేత కుట్టించుకున్నాడు. దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారట! ఆగస్టు 20న అలాంటి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి జాడ రాస్‌కి కనబడింది.

ఆ తర్వాత కొద్దికాలానికే ఆయన్ని రాజస్థాన్‌లోని ఖేర్వాడాకి బదిలీ చేశారు. పని మధ్యలో ఊడబెరికారన్న బాధ రాస్‌ని జీవితాంతం వదల్లేదు. 1902లో నోబెల్ బహుమానం వచ్చాక కూడా మరిచిపోలేదు. 1923లో అచ్చయిన స్వీయచరిత్రలో ఆ గోడంతా వెళ్ళబోసుకున్నాడు. ఆయన బాధలో న్యాయం లేకపోలేదు.

మరి ఆ దోమని చూపించిన అసిస్టెంటు మాటేమిటి? అదే పుస్తకంలో రాస్ అతన్ని తలుచుకున్నాడు, పేరు మరిచిపోయినందుకు విచారిస్తున్నానన్నాడు. ఆ ఒప్పుకోలు మెచ్చదగ్గదే. కాని పేరు మాత్రం పోయింది. దొరల పై పదవులకి పరీక్ష లండనులో జరిగేది. వార్డుల్లో రోజువారీ చాకిరీ మాత్రం ఇలాంటి కిందివాళ్ళది. రాస్‌కి కలం ఉంది, పుస్తకం అచ్చువేసేవాళ్ళున్నారు. అసిస్టెంటుకి అవేవీ లేవు. ఆ రోజు పనిలో ఉన్నాడు, కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. అయినా చరిత్ర లెక్కలో అతను గైర్హాజరే.

మనం మాత్రం తక్కువ తిన్నామా? పురుడు పోసుకుని ఇంటికి వచ్చాక డాక్టరమ్మ పేరు పదిమందికీ చెబుతాం. రాత్రంతా పక్కన కూర్చుని, గుడ్డలు మార్చి, బిడ్డని మన చేతిలో పెట్టిన ఆయా పేరు ఎంతమందికి గుర్తుంది? ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ పేరొకటి అడిగి తెలుసుకోండి. ఇంటికి వచ్చాక పిల్లలకీ చెప్పండి.