ఇంటర్వ్యూ నుంచి నీట్ దాకా - తమిళనాట మన పిల్లల చదువు

పదో క్లాసు ఫలితాలు రాగానే మనలో చాలామంది అడిగే మాట ఒకటే: "నీట్‌కు పెట్టాలా, జేఈఈకి పెట్టాలా, ప్లస్ టూ మార్కులే చాలా?" దీనికి జవాబు ఈ రాష్ట్రం నడిచి వచ్చిన దారిలోనే ఉంది.

మా కాలంలో పదకొండో క్లాసు ఎస్సెస్సెల్సీ, ఆపైన కాలేజీలో ఒక ఏడు పీయూసీ. మెడికల్ సీటుకు మార్కులతో పాటు ఇంటర్వ్యూ ఉండేది. అక్కడ సిఫారసే నడుస్తుందని ఊరంతా అనుకునేది. మనబోటి ఇళ్లకు సిఫారసు చేసేవాళ్లెవరు? 1978లో ప్లస్ టూ స్కూళ్లలోకి వచ్చింది. 1984లో ఎంజీఆర్ ప్రభుత్వం ప్రవేశ పరీక్ష పెట్టింది. ప్లస్ టూ మార్కులు 200కు కుదించి, ప్రవేశ పరీక్షకు 100 కలిపి, 300కు కటాఫ్ లెక్కకట్టేవారు.

ఆ నూరు మార్కుల కోసం కోచింగ్ సెంటర్లు పుట్టాయి. మార్కులు చాలనివాళ్లు మరుసటి ఏడు మళ్లీ ప్లస్ టూ రాసేవారు, దాన్ని ఇంప్రూవ్‌మెంట్ అనేవారు. వసతి ఉన్న ఇంటి బిడ్డ ఒక ఏడు ఆగగలడు. కూలికి పోయే ఇంటి బిడ్డ ఎక్కడ ఆగుతాడు? 2005లో ఒకసారి తీసేస్తే కోర్టు ఒప్పుకోలేదు. చివరకు 2006లో చేసిన చట్టంతో 2007 నుంచి ప్రవేశ పరీక్ష పోయింది.

మంచిదే, కానీ ఇంకో జబ్బు పట్టుకుంది. కొన్ని ప్రైవేటు స్కూళ్లు ప్లస్ వన్ పుస్తకం మూసిపెట్టి రెండేళ్లూ ప్లస్ టూ పాఠాలే బట్టీ పట్టించాయి. 2017లో నీట్ తప్పనిసరి అయ్యేసరికి అది రెండేళ్ల పాఠాలూ అడిగింది. 2017-18లో ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మన లెక్క. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్‌కు ప్లస్ టూ మార్కులే: గణితం 100, ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50. దీనికి జేఈఈ కోచింగ్‌కు డబ్బు పోయడం దండగ. ఐఐటీ, ఎన్‌ఐటీ కావాలనే బిడ్డకే జేఈఈ. తిరుచ్చి ఎన్‌ఐటీలో సగం సీట్లు ఈ రాష్ట్రం పిల్లలకే అన్నది మరవకండి.

డాక్టరు చదువుకు నీట్ తప్ప దారి లేదు. 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, అంటే 720లో 360 మార్కులు. మార్కులు పెంచుకోవాలంటే ముందు అక్కడ గట్టిపడాలి. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత, కాబట్టి గుడ్డిగా గీయకూడదు. పాత ఇంప్రూవ్‌మెంట్ ఇప్పుడు రిపీటర్ బ్యాచ్‌గా తిరిగొచ్చింది, ఫీజు మాత్రం అప్పటిది కాదు.

హోసూరు వైపు తెలుగు మీడియం పిల్లల తల్లిదండ్రులకు ముఖ్యంగా ఒక మాట. నీట్ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తున్నారు. ఇక్కడి కేంద్రాల్లో ఇంగ్లీషు, తమిళం, హిందీ, ఉర్దూ ఉంటాయి. తమిళ మీడియంలో చదివి ఉద్యోగంలో ఇంగ్లీషుతో కుస్తీ పట్టినవాళ్లం కాబట్టి చెబుతున్నాం: సైన్సు పదాలు ప్లస్ వన్ మొదటి రోజు నుంచే రెండు భాషల్లోనూ రాసుకోనివ్వండి.

ఇంకొకటి. 2020 నుంచి మెడికల్ సీట్లలో, 2021 నుంచి ఇంజనీరింగ్‌లో ప్రభుత్వ స్కూలు పిల్లలకు 7.5 శాతం ఉంది. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ స్కూల్లో చదివి ఉండాలి, ఎయిడెడ్ స్కూలు లెక్కలోకి రాదు. ఆరో క్లాసుకు స్కూలు మార్చేవాళ్లు ముందే విచారించుకోండి.