సుమేరు పలకల బడి

నేటి దక్షిణ ఇరాక్‌లో, టైగ్రిస్, యూఫ్రటిస్ నదుల నడుమ వెలసిన సుమేరు నగరాలలో లేఖకులను తయారుచేసిన బడికి ఎడుబ్బా అని పేరు. ఆధారాలతో సహా మనకు అందిన బడులలో ఇంతకంటే పాతది లేదు. అంతకుముందు వేట, సేద్యం, కుండల పని, దేవతల కథలు పెద్దల వెంట తిరుగుతూ, వాళ్లు చేసేది చూస్తూ పిల్లలకు అబ్బేవి. రాత అలా అబ్బేది కాదు. వందల కొద్దీ గుర్తులు, అంకెలు, కొలతలు ఒకచోట కూర్చుని, ఒక వరసలో, ఏళ్ల తరబడి దిద్దితే గాని రావు. బడి పుట్టింది ఆ అవసరంలోంచే.

రాత పుట్టింది ధాన్యం లెక్కల కోసం. ఉరుక్ నగరంలోని ఈయన్నా ఆలయ ప్రాంగణంలో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్తలు జరిపిన తవ్వకాలలో సుమారు 5,000 మట్టి పలకలు, పలక ముక్కలు బయటపడ్డాయి. అవి క్రీ.పూ. 3300–3000 మధ్యకాలానివి. చాలావరకు బార్లీ, గొర్రెలు, బీరు, పనివాళ్లకు కొలిచిన గింజల పద్దులు. పదింట ఒక వంతు మాత్రం ఏ పద్దుకూ చెందవు. అవి చెట్లు, పాత్రలు, చేపలు, ఊళ్లు అంటూ విషయాలవారీగా కూర్చిన పదాల పట్టికలు. లెక్కకు పనికిరాని ఈ పట్టికలు కొత్తవాళ్లకు రాత నేర్పడానికే పనికొస్తాయి. కాబట్టి ప్రపంచంలో తొలి పాఠ్యపుస్తకాలని వీటినే అనాలి.

వీటిలో అన్నిటికంటే ఎక్కువ నకళ్లు దొరికినది పదవులు, వృత్తుల పట్టిక. వందకు పైగా పేర్లున్న ఆ పట్టికను వెయ్యేళ్లకు పైగా దాదాపు అదే వరసలో రాస్తూ వచ్చారు. క్రీ.పూ. 2600 ప్రాంతంలో షురుప్పాక్‌లోనూ, ఆ తర్వాత ఎక్కడో సిరియాలోని ఎబ్లాలోనూ అదే పట్టిక కనిపిస్తుంది. ఎప్పుడో మరుగునపడ్డ పదవుల పేర్లను కూడా పిల్లలు వల్లె వేశారన్నమాట. పాఠంలోకి ఎక్కినది అవసరం తీరాక కూడా దిగకపోవడం అంత పాత అలవాటు.

క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఊర్ నుంచి ఏలిన షుల్గి రాజు చిన్నతనంలోనే పలకల బడిలో చదివానని, తనలా రాయగలవాడు లేడని స్తుతిగీతాలలో చెప్పించుకున్నాడు. నిప్పూర్‌లోనూ ఊర్‌లోనూ విద్యాలయాలు నెలకొల్పిన ఘనత కూడా ఆ గీతాలు ఆయనకే ఇస్తాయి. ఆయన వంశం పాలన అడుగడుగునా పద్దుల మీద నడిచింది. ఆ శతాబ్దపు పద్దుల పలకలే నేటికి లక్ష దాకా లభించాయి. అన్ని పద్దులు రాయడానికి ఎందరు లేఖకులు కావలసి వచ్చిందో ఊహించుకోవచ్చు.

బడి లోపల ఏం జరిగేదో బాగా తెలిసింది నిప్పూర్‌లోని ఒక చిన్న ఇంటి వల్ల. 1951–52లో అమెరికన్ బృందం తవ్విన ఈ కట్టడాన్ని పరిశోధకులు ‘ఎఫ్ ఇల్లు’ అంటారు. క్రీ.పూ. 18వ శతాబ్దానికి చెందిన ఈ ఇంట్లో మూడు నాలుగు గదులు, ఒక వాకిలి మాత్రమే ఉన్నాయి. అందులోనే సుమారు 1,400 పలక ముక్కలు దొరికాయి. తారు పూసిన ఇటుక తొట్లు కూడా ఉన్నాయి. రాసిన పలకలను వాటిలో నానబెట్టి, మట్టిని మళ్లీ పిసికి కొత్త పలకలు చేసేవారు. మిగిలిపోయిన పలకలను గోడల్లో, అరుగుల్లో, నేలలో మెత్తేశారు. ఎలియనార్ రాబ్సన్ ఈ ముక్కలను పరిశీలించి, ఒక్క ఇంటి చదువు మొత్తాన్ని వెలికితీశారు.

ఒక రకం పలకను దగ్గరగా చూస్తే పాఠం నడిచిన తీరు తెలుస్తుంది. ముందువైపు ఎడమ సగంలో గురువు శుభ్రంగా కొన్ని వరసలు రాసి ఇస్తాడు. కుడి సగంలో పిల్లవాడు దాన్ని చూసి రాసి, చెరిపి, మళ్లీ రాస్తాడు. చెరిపి చెరిపి ఆ వైపు మట్టి పలచబడిపోయి ఉంటుంది. వెనకవైపు ఇంతకుముందే నేర్చిన పాఠాన్ని చూడకుండా అప్పజెప్పినట్టు రాస్తాడు. అంటే ముందువైపు కొత్త పాఠం, వెనకవైపు పాత పాఠం. ఇలాంటి పలకలను పక్కపక్కన పెట్టి, దేని తర్వాత ఏది నేర్పేవారో 1990లలో నీక్ వెల్దహావ్స్ నిర్ధారించారు. నాలుగు వేల ఏళ్ల కిందటి పాఠ్యక్రమం అలా వరసగా బయటపడడం ఈ రంగంలో నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచే విషయం.

మొదట రెల్లుపుల్లతో నిలువు, అడ్డం, ఏటవాలు గీతలు దిద్దించేవారు. తర్వాత అక్షరాలు, మనుషుల పేర్లు, ఆపైన చెక్కసామానుతో మొదలయ్యే పెద్ద పదపట్టికలు. మన వీధిబడుల్లో అమరకోశాన్ని వర్గాలవారీగా కంఠస్థం చేయించినట్టే ఇక్కడ చెట్లు, లోహాలు, జంతువులు, రాళ్లు, బట్టలు, తిండిపదార్థాల పేర్లు వేల సంఖ్యలో బట్టీ పట్టించారు. లెక్కలు అరవై ఆధారంగా సాగేవి. ఎక్కాలు రెండుతో మొదలయ్యేవి కావు. ముందు భాగహారానికి పనికొచ్చే విలోమాల పట్టిక, వెంటనే యాభయ్యో ఎక్కం, అక్కడి నుంచి కిందికి దిగడం. అవి వచ్చాక ఒప్పందపత్రాల నమూనాలు, సామెతలు, చివరికి రాజుల స్తుతులు, వీరగాథలు.

ఎఫ్ ఇల్లు నాటికి సుమేరియన్ ఎవరి ఇంటి భాషా కాదు. పిల్లలు మాట్లాడేది అక్కాదియన్. 1949లో శామ్యూల్ నోవా క్రేమర్ ప్రచురించిన ఒక సుమేరియన్ బడి కథలో కుర్రవాడు అమ్మ ఇచ్చిన రెండు రొట్టెలు తీసుకుని వెళతాడు. ఆలస్యమైనందుకు, అనుమతి లేకుండా మాట్లాడినందుకు, రాత బాగాలేనందుకు, సుమేరియన్ మాట్లాడనందుకు వరసగా దెబ్బలు తింటాడు. చివరికి తండ్రి ఉపాధ్యాయుణ్ణి ఇంటికి పిలిచి, కొత్త బట్టలు పెట్టి, ఉంగరం తొడుగుతాడు. దెబ్బలు పోయి ప్రశంసలు వస్తాయి. ఇంటి భాష పలికినందుకు పిల్లవాణ్ణి కొట్టిన చరిత్ర ఇంత పాతదని చదివితే మనసు చివుక్కుమంటుంది.

చదివినవాళ్లలో ఎక్కువమంది అధికారులు, పూజారులు, లేఖకుల కొడుకులే. సిప్పార్ నగరంలో స్త్రీలు కూడా లేఖకులుగా పనిచేసిన ఆధారాలున్నాయి. బడి అనగానే పెద్ద భవనాలు వెతికిన కాలమూ ఉంది. 1930లలో సిరియాలోని మారి రాజభవనంలో బెంచీల వరసలున్న గది దొరికితే తరగతి గదిగా భావించారు. అది సామాను గది అయివుంటుందని తర్వాతి పండితులు చాలామంది అన్నారు. గురువు ఇంటి వాకిలే బడి అనే అభిప్రాయానికి ఇప్పుడు బలం ఎక్కువ.

గిల్గమేష్ గురించిన సుమేరియన్ కావ్యాలతో సహా ఆ సాహిత్యంలో అధికభాగం మనకు దక్కింది ఈ పిల్లల నకళ్ల వల్లే. ఒకడు వదిలేసిన పాదాన్ని మరొకడి పలక నుంచి తెచ్చి అతికించి పరిశోధకులు పాఠాలు నిర్ణయించారు. పదపట్టికల చదువు అలెగ్జాండర్ తర్వాత కూడా ఆగలేదు. క్రీస్తు శకారంభానికి కాస్త అటూ ఇటూగా బాబిలోన్‌లో రాసిన కొన్ని పలకలకు ఒకవైపు సుమేరు పలకల నాటి క్యూనిఫాం లిపి, రెండోవైపు అదే పాఠం ఉచ్చారణ గ్రీకు అక్షరాలలో ఉన్నాయి. వాటిలో కొన్ని నిప్పూర్ పిల్లలు దిద్దిన పట్టికల వారసులే.